నలభై మాటలకు మూడు సంతకాలు

హైదరాబాదు వెళ్ళి వచ్చినవాళ్ళందరూ చార్మినారు గురించి చెబుతారు. నేను మూడు రోజులు దానికి కూతవేటు దూరంలోనే ఉన్నాను గానీ తలెత్తి చూసింది ఒక్కసారే. మిగతా సమయమంతా శాలిబండలో ఒక ఇంటి ముందుగదిలో కూర్చుని, ఒక యంత్రంతో ‘ఆగు’ అని చెప్పాలా, ‘ఆగుము’ అని చెప్పాలా అన్నదాని మీద పెద్దమనుషులు కొట్టుకుంటుంటే చూస్తూ గడిపాను. ఆ పెద్దమనుషులు ముగ్గురు. మూడోవాణ్ణి నేనే.

కథ ఎత్తుకునే ముందు విఠల్‌రావు ఎవరో చెప్పాలి. హైదరాబాదులో ఒక సర్కారీ కచేరీలో అట్టకార్డులకు చిల్లులు పొడిచి లెక్కలు తీసే విభాగంలో ఉద్యోగం. ముప్పై ఏళ్ళవాడు. వాళ్ళ తాత ముత్తాతలు గుడి సేవలో ఉన్నవాళ్ళు. ఈయన్ని ఆఫీసువారు ఆరు నెలలు కలకత్తా పంపించారు. అక్కడ గదంత లెక్కల యంత్రం ఒకటి ఉందట. దానికి ఏం చెప్పాలన్నా అంకెల్లోనే చెప్పాలి. ‘కలుపు’ అనడానికి ఒక అంకె, ‘ఆగు’ అనడానికి ఇంకో అంకె. ఈయనకు ఒక ఆలోచన వచ్చింది. తెలుగు మాటలకు అంకెలకు ఒక పట్టిక కట్టి, ఆ పట్టికను యంత్రానికే అప్పగిస్తే, మనం తెలుగులో రాసిన ఆజ్ఞలను అదే అంకెల్లోకి మార్చుకుంటుంది. రెండేళ్ళు ఇంట్లో కూర్చుని ఆ పని చేశాడు. కలకత్తా వాళ్ళు మెచ్చి, ఫలానా బుధవారం ఒక గంటసేపు యంత్రాన్ని ఇస్తామన్నారు. కార్డులన్నీ ముందే వెళ్ళిపోయాయి. ఇక మాటల పట్టిక ఒక్కటే మిగిలింది. మొత్తం నలభై మాటలు.

ఆ నలభై ఆయనే రాసి పంపితే పీడా పోయేది. కానీ ఆఫీసరు ఒప్పుకోలేదు. రాష్ట్రం కలిసి రెండేళ్ళు దాటింది, అటు తెలుగు, ఇటు తెలుగు అని ఎవరైనా గొడవ పెడితే తన మీదికి వస్తుందని ఆయన భయం. కోస్తా నుంచి ఒక పండితుడు, తెలంగాణా నుంచి ఒక పెద్దమనిషి, లెక్కలు తెలిసినవాడొకడు, ముగ్గురూ సంతకం పెడితేనే పట్టిక పోతుందన్నాడు. కాకినాడ కాలేజీలో ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్న నన్ను ఆ మూడో మనిషిగా పిలిచారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా ఆవిడ నవ్వింది. నేను పెట్టె సర్దుకున్నాను.

రిక్షావాడి చాయ్

బయలుదేరేటప్పుడు రెండు శేర్ల కాకినాడ కాజాలు కట్టించుకున్నాను. మా ఊరి కాజా లోపల పాకం పెట్టుకుని బయటికి బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది. రైల్లో ఎవరో నా సంచి మీద ట్రంకుపెట్టె పెట్టారు. దిగి చూసేసరికి తువ్వాలు, దానిలో చుట్టి పెట్టుకున్న జేబు గడియారం, రెండూ పాకంలో ఉన్నాయి. గడియారం ఆరుంబావు దగ్గర ఆగిపోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

స్టేషను బయట ఎక్కిన సైకిలు రిక్షావాడు నది దాటగానే ఒక ఇరానీ హోటలు ముందు బండి ఆపి, దిగి, లోపలికి వెళ్ళిపోయాడు. నేను ఎండలో పాకం సంచితో కూర్చున్నాను. తిట్టడానికి నోరు తెరిచేసరికి హోటలు పనివాడొకడు నా చేతికి కప్పూ సాసరూ ఇచ్చాడు. రిక్షావాడు లోపలినుంచే చెయ్యి ఊపి, “పియో సాబ్, జల్దీ క్యా హై?” అన్నాడు, తాగండి, తొందరేముందని. ఒక అణా చాయ్. ఆ అణా వాడే ఇచ్చాడు, నేను ఎంత చెప్పినా తీసుకోలేదు. మా ఊళ్ళో బాడుగబండి వాడు మనల్ని తొందరపెడతాడు, మనం వాణ్ణి తొందరపెడతాం, ఇద్దరం తిట్టుకుంటూ వేళకు చేరుకుంటాం. ఇక్కడ మర్యాద చేసి మరీ ఆలస్యం చేస్తారు. అరగంట పోయింది గానీ వాణ్ణి ఏమనడానికీ నాకు నోరు లేకపోయింది. ఆ చాయ్ మాత్రం బాగుంది. మా కాఫీ ముందు నిలవదనుకోండి.

శాలిబండ: వీపు వెనక గడియారం

విఠల్‌రావు ఇల్లు సన్న గల్లీలో ఉంది. ముందుగదిలో మూడు కుర్చీలు గోడకు ఆనించి వేశారు. ఆ గోడ మీద, కూర్చున్నవాడి తలకు సరిగ్గా పైన, ఒక పెద్ద గోడ గడియారం. వింతగా ఉందే అని అడిగాను.

“మా నాయన పెట్టిన పద్ధతి సార్,” అన్నాడు విఠల్‌రావు. “ఇంటికొచ్చినోళ్ళ ఎదురుంగ గడియారం పెట్టొద్దనేటోడు. ఎప్పుడు పోతరని అడిగినట్టుంటదట. గంటలు గూడ కొట్టకుండ లోపటి సుత్తి తీసేయించిండు.”

మా ఇంట్లో గడియారం చుట్టాల మొహానికి ఎదురుగా ఉంటుంది. దాన్ని అక్కడ పెట్టింది అందుకే. కాఫీ తాగి గడియారం చూసి లేచిపోతారు. నేను ఈ మాట చెబితే విఠల్‌రావు మర్యాదగా నవ్వాడు. గుమ్మం పక్కన నిలబడ్డ ఆయన భార్య అనసూయమ్మ మాత్రం, “మీ పద్ధతే మంచిగున్నది,” అంది.

మిగతా ఇద్దరూ అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఒకరు తెనాలి వైపునుంచి వచ్చిన శాస్త్రిగారు. వ్యాకరణంలో దిట్ట. చేతికి గడియారం ఉండదు, సూర్యుణ్ణి చూసి వేళ చెబుతారు, ఈ గదిలో సూర్యుడు కనపడడు. ఇంకొకరు ఊళ్ళోనే ఉండే వకీలు సాబు. ఉర్దూలో చదువుకున్నవాడు, తెలుగంటే ప్రాణం, ఆ తెలుగు తన తెలుగే కావాలి. కోర్టుకు పోని రోజున గడియారం పెట్టుకోనని గొప్పగా చెప్పాడు.

విఠల్‌రావు చేతులు కట్టుకుని సంగతి చెప్పాడు. “శనివారం ఒంటిగంటకు పట్టిక మా సార్ చేతిల పెట్టాలె. ఒకటిన్నర బండికి సార్ కలకత్తా పోతున్నరు, తనతోని తీస్కపోతరు. అది అందకుంటె బుధవారం గంట వేరేటోళ్ళకు ఇస్తరు.” ఆ రోజు గురువారం. మూడు రోజుల్లో నలభై మాటలు. రోజుకు పద్నాలుగు చాలు. నేను మనసులో లెక్క వేసి, సాయంత్రాలు ఊరు చూడొచ్చనుకున్నాను.

మొదటి మాట, యంత్రాన్ని పని ఆపమని చెప్పే మాట.

శాస్త్రిగారు గొంతు సవరించుకుని, “ఆజ్ఞార్థకము గనుక ‘ఆగుము’ అని యుండవలెను,” అన్నారు.

“యంత్రమేమన్న మీ శిష్యుడా సామీ, ఎనుక ‘ము’ తగిలిచ్చి చెప్పనీకి? ‘ఆగు’ అంటె సాలదా?” అన్నాడు వకీలు. ఒక్క నిమిషం ఆలోచించి, “అసలు మా దిక్కు ‘బంద్’ అంటం. చిన్న పోరడికి గూడ ఎరుకే,” అని కొత్త కుంపటి రాజేశాడు.

బంద్ అన్నమాట చెవిన పడగానే శాస్త్రిగారు కుర్చీలోంచి లేచారు. అది తెలుగు కాదన్నారు. వకీలు ‘ఆజ్ఞ’ మాత్రం తెలుగా అన్నాడు. అక్కణ్ణుంచి ఇద్దరూ ఎక్కడెక్కడికో వెళ్ళారు. రాజుల దగ్గరికి, శాసనాల దగ్గరికి, ఎవరి తాతలు ఎవరికి అక్షరాలు నేర్పారన్న దాకా. యంత్రానికి చెవులు లేవనీ, అది చూసేది కార్డు మీది చిల్లులేననీ రెండుసార్లు చెప్పాను. ఇద్దరూ నా వైపు జాలిగా చూశారు. సాయంత్రానికి పట్టికలో తేలిన మాటలు సున్నా.

లాడ్‌బజారు

సంజెవేళ విఠల్‌రావు నన్ను గాజుల బజారుకు తీసుకెళ్ళాడు. చార్మినారు వైపు నేను తలెత్తింది అప్పుడే. బాగానే ఉంది. లక్క గాజుల దుకాణంలో గడ్డం నెరిసిన పెద్దాయన కొలత అడిగాడు. మా ఆవిడ చెయ్యి ఇంత అని వేళ్ళతో చుట్టి చూపించాను. ఆయన నా వేళ్ళ వైపు చూడనే లేదు.

“ఎన్నేళ్ళాయె పెండ్లయి?” అన్నాడు తెలుగులో.

“ఇరవై మూడు.”

చిన్న గాజులు వెనక్కి పెట్టి, నేను చెప్పినదానికంటే ఒక సైజు పెద్దవి కట్టాడు. డజను మూడు రూపాయలు. అవి వదులవుతాయన్నాను, గట్టిగానే అన్నాను. ఆయన కాగితం చుడుతూ, “తీస్కపో సాబ్, సరిపోకుంటే మళ్ళా పంపు,” అన్నాడు. కాకినాడ నుంచి గాజులు వెనక్కి పంపుతానట! ఈ ఊళ్ళో ఎవరికీ ఎదుటివాడి మాట వినే అలవాటు లేదని విఠల్‌రావుతో అన్నాను. ఆయన ఎప్పటిలాగే, “అవును సార్,” అన్నాడు.

శుక్రవారం: నా వంతు

పొద్దున ఫలహారానికి ఖిచిడీ, పక్కన పుల్లటి ఖట్టా, అప్పడాలు. మా వైపు జ్వరం తగ్గినవాడికి పెట్టే వంట ఇక్కడ పండగలా తింటారు. రెండుసార్లు వడ్డించుకున్నాను. మధ్యాహ్నం పచ్చిపులుసు పోశారు. పొయ్యి ఎక్కకుండా పులుసు అవుతుందని యాభై ఏళ్ళకు తెలిసింది.

గల్లీ బయట శుక్రవారం కదా, దుకాణాలు మూసి ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. మా గదిలో తప్ప. ‘చేయుము’, ‘చేయి’, ‘చెయ్యి’, ‘చెయ్’. నాలుగు రూపాలకు ముగ్గురం. శాస్త్రిగారు సూత్రాలు చదివారు. వకీలు ప్రతి మాటకూ సాక్షిగా వాళ్ళ అమ్మమ్మను పిలిచాడు. ఆవిడ పోయి ముప్పై ఏళ్ళయిందట, అయినా ఆ రోజు పదిసార్లు వాంగ్మూలం ఇచ్చింది.

ఇంతలో ‘ఒకవేళ ఇలా అయితే అలా చెయ్యి’ అని చెప్పే మాట వచ్చింది. యంత్రంతో చెప్పే మాటల్లో అంతకంటే ముఖ్యమైనది లేదు. శాస్త్రిగారు ‘అయినచో’ అన్నారు. వకీలు ‘అయితే’ అన్నాడు. నేను ‘ఐతే’ అన్నాను. అయితేకు మూడక్షరాలు, ఐతేకు రెండు. అక్షరానికి కార్డు మీద రెండు చిల్లులు. రాసిన ప్రతిసారీ రెండు చిల్లులు మిగులుతాయి. నాది భాషాభిమానం కాదు, లెక్క.

“ఐకారముతో వ్రాయుట సోమరితనము,” అన్నారు శాస్త్రిగారు.

“గిదేంది సార్, మీరు గూడ లొల్లి వెడుతున్నరు?” అన్నాడు వకీలు.

వాళ్ళిద్దరికీ నన్ను అనే హక్కు ఎక్కడిదని నాకు మండింది. సాయంత్రం దాకా నేను వదల్లేదు. ఆ రోజుకి తేలినవి పదకొండు మాటలు, అవీ ఎవరికీ పట్టనివి.

శనివారం పొద్దున, మీరాలం మండి

కోడి కూసిన వేళకే లేచే అలవాటు నాది. అనసూయమ్మ కందిపప్పు కోసం విఠల్‌రావును మండికి పంపిస్తుంటే నేనూ వెంట వెళ్ళాను. తరతరాలుగా అక్కడే వ్యాపారం చేస్తున్న కోమట్ల దుకాణం ఒకటి. దాని ముందు ఎల్లయ్య అనే మనిషి కుంచంతో జొన్నలు కొలుస్తున్నాడు. “లాభం... లాభం... రెండు... రెండు... మూడు...” ఒకటి అనకుండా లాభం అనడం మా ఊళ్ళోనూ ఉంది. పక్క దుకాణంలో ఇంకొకాయన అదే కొలత పెట్టి కొలుస్తున్నాడు. ఆయన ఉర్దూలో, “బర్కత్... బర్కత్... దో... దో...” అంటున్నాడు. రెండు దుకాణాల గింజలూ ఒకే బండికి ఎక్కుతున్నాయి.

“ఇద్దరూ రెండు రకాలుగా పిలుస్తుంటే లెక్క తేడా రాదా?” అని ఎల్లయ్యను అడిగాను.

ఆయన కొలత ఆపకుండానే, “ఎందుకస్తది బాపూ? నోరు ఏమన్న పిలువనీ, కుంచం గదే గద! నిండితె ఒకటే,” అన్నాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. పట్టికలో ఒక అంకెకు ఒకే మాట ఉండాలని ఎవరు చెప్పారు? ఆగుముకూ అదే అంకె, ఆగుకూ అదే అంకె, బందుకూ అదే అంకె. ఏది రాసినా యంత్రం ఆగుతుంది. ఈ మాట విఠల్‌రావుతో చెబితే ఆయన సంచి భుజాన వేసుకుని చిన్నగా నవ్వాడు.

“గురువారం నాడే అనుకున్న సార్. పెద్దలు మాట్లాడుతున్నరని ఊకున్న.”

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు! వ్యాకరణం, శాసనాలు, వకీలు అమ్మమ్మ, అన్నీ విని, జవాబు జేబులో పెట్టుకుని, చాయ్‌లు అందించాడు! గల్లీలోనే నిలబెట్టి చీవాట్లు పెట్టాను. “తప్పయింది సార్,” అన్నాడు. ఇలాంటివాడికి నోరిచ్చిన దేవుణ్ణి అనాలి.

శనివారం: పైన ఎవరు, కింద ఎవరు

పది గంటలకు కూర్చున్నాం. మండి సంగతి చెప్పి, అన్ని మాటలూ పెడదామన్నాను. వాళ్ళు ఒప్పుకోరనుకున్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు! పదకొండు కాకముందే నలభై వరసలూ తేలిపోయాయి. అనసూయమ్మ చాయ్‌తో పాటు మా కాజాలు పెట్టింది. చీమలు పట్టినవి తీసేసి మిగతావి తిన్నాం. విఠల్‌రావు మొహం ఎంత వెలిగిందంటే, ఆయన వయసు ఎంత చిన్నదో నాకు అప్పుడే కనిపించింది.

ఇక శుద్ధప్రతి రాయడమే. కలం తెరవగానే శాస్త్రిగారు అడిగారు. “ఒక్కొక్క వరుసలో ముందుగా వ్రాయునది ఏ రూపము?”

ఏది రాసినా ఒకటే కదండీ అన్నాను. శిష్టరూపం పైన ఉండాలన్నారు ఆయన. “మా ఊర్ల కూసొని, మా ఊరి చాయ్ తాగి, మా మాట కిందికా?” అన్నాడు వకీలు. ఇన్నాళ్ళూ వాళ్ళకు కావాల్సింది తమ మాట ఉండటం కాదు, ఎదుటివాడి మాట తమ కింద ఉండటం. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. చివరికి ఒక వరస మీది, ఒక వరస మాది అని పంచుకున్నారు.

అప్పుడు నా వరస వచ్చింది. ఇద్దరూ కలిసి, మూడు రోజుల్లో మొదటిసారి ఏకమై, ‘అయితే’ పైన రాయించారు. ‘ఐతే’ దాని కింద.

గురివింద గింజకు తన కింది నలుపు కనపడదంటారు. నేను లేచి, ఎదురుగోడకున్న విఠల్‌రావు నల్లబల్ల మీద సుద్దముక్కతో చిల్లులు గీయడం మొదలుపెట్టాను. మూడక్షరాలకు ఆరు, రెండక్షరాలకు నాలుగు. వందసార్లు రాస్తే ఎంత, వెయ్యిసార్లు రాస్తే ఎంత. పాఠం మంచి ఊపులో ఉండగా ఒకసారి ఆగి, వెనక్కి తిరగకుండానే, “వేళ ఉందా విఠల్‌రావూ?” అని అడిగాను.

“కానియ్యుండ్రి సార్. ఫికర్ లేదు,” అన్నాడు.

కానిచ్చాను. కలిపాను, హెచ్చవేశాను, ఎదురుప్రశ్నలకు జవాబు చెప్పాను. చివరికి ఆకలికో విసుగుకో వాళ్ళిద్దరూ సరేనన్నారు. ‘ఐతే’ పైకి వచ్చింది. ముగ్గురం సంతకాలు పెట్టాం. నాది అందరికంటే పెద్దగా పెట్టాను.

అనసూయమ్మ విస్తళ్ళు తెచ్చి వేసింది. “ఇగ నిమ్మళంగ తినుండ్రి. ఒంటిగంట దాటి చాన సేపయింది,” అంది.

అప్పుడు తిరిగి చూశాను. ఒకటీ ఇరవై అయిదు.

పోస్టులో పంపుదామా అన్నాను. బుధవారం లోపు అందదన్నాడు విఠల్‌రావు. తంతి కొడదామన్నాడు వకీలు. “తంతిల సంతకాలు పోవు సాబ్,” అన్నాడు విఠల్‌రావు. శాస్త్రిగారు ఉత్తరీయం సర్దుకున్నారు. విఠల్‌రావు నీళ్ళచెంబు తీసుకుని మా విస్తళ్ళ ముందు ఒక్కొక్కరికీ నీళ్ళు పెట్టాడు.

తిరుగు దారి

ఆదివారం నన్ను రైలెక్కించడానికి ఆయనే వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద ఇక ఉండబట్టలేక అడిగాను.

“నేను వేళ ఉందా అన్నప్పుడు ఎంతయింది?”

“ఇరవై తక్కువ ఒంటిగంట సార్.”

“అప్పుడు లేస్తే?”

“సైకిల్ మీద పదిహేను నిమిషాలు. అందుతుండె.”

“మరి ఎందుకు చెప్పలేదయ్యా?”

“మీరు బోర్డు మీద లెక్క చేస్తున్నరు. నడిమిట్ల ఎట్ల ఆపుత సార్?” అన్నాడు.

యంత్రాన్ని ఆపడానికి ‘ఆగుము’ అనాలా, ‘ఆగు’ అనాలా, ‘బంద్’ అనాలా అని గురువారమంతా ఆయన ముందే కొట్టుకున్నాం. ఆ మూడింట్లో ఏ ఒక్కటీ ఆయన మాతో అనలేకపోయాడు. మూడు రోజులూ ఆ గదిలో గడియారానికి ఎదురుగా కూర్చున్నది ఆయనొక్కడే.

ఇంటికి వచ్చాక గాజులు మా ఆవిడ చేతికి సరిగ్గా సరిపోయాయి. నెల తర్వాత విఠల్‌రావు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆ గంట వేరేవాళ్ళకు ఇచ్చారట. మళ్ళీ ఎప్పుడిస్తారో చెప్పలేదట. ఈ రెండు ముక్కలు తప్ప మిగతా ఉత్తరమంతా మా ఇంటి క్షేమం అడిగాడు, కాజాలు బాగున్నాయని అనసూయమ్మ చెప్పమందన్నాడు. దానితో పాటు పట్టికకు నకలు ఒకటి ముచ్చటైన చేతిరాతతో రాసి జతచేశాడు. అందులో ఒక వరసలో పైన ‘ఐతే’ ఉంది, దాని కింద ‘అయితే’ ఉంది. పక్కన మార్జినులో సన్నగా, “మీ మాటే మీద రాసిన సార్” అని ఉంది. వెక్కిరింపు కాదు, ఆ మనిషికి వెక్కిరించడం రాదు.

ఒక మనిషి రెండేళ్ళ కష్టాన్ని రెండు చిల్లుల కోసం పోగొట్టాను. వకీలునీ, శాస్త్రిగారినీ ఊళ్ళో అందరి దగ్గరా తిట్టాను, ఇప్పటికీ తిడుతున్నాను. ఆ కాగితం మాత్రం ఎవరికీ చూపించలేదు.